స్వీడన్ దేశపు పాత కార్లు: ఇనుము, రబ్బరు, టెక్సస్ ఎండ

హైదరాబాదులో 'వోల్వో' అంటే రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి ఊరు చేర్చే ఏ.సి. బస్సు. ఆ సంస్థ బస్సులు భారతదేశంలో 2001లో ప్రవేశించాయి. అనతికాలంలోనే ఆ పేరు తెలుగునాట ఏ.సి. బస్సులన్నింటికీ సామాన్యనామమైపోయింది. కాపెల్ పట్టణంలో అదే పేరు మరొక వాహనాన్ని స్ఫురింపజేస్తుంది. అది గీతబద్దతో గీసినట్టు పలకలు పలకలుగా ఉండే పాత స్టేషన్ వాగన్. ఇంట్లో అబ్బాయికో అమ్మాయికో పదహారేళ్ళు నిండి లైసెన్సు చేతికి వచ్చే వేళ, 'గట్టి బండి' కోసం వెదికే తల్లిదండ్రుల చూపు దానిమీద పడడం సహజం. ఆ నమ్మకంలో నిజమెంత అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

ఈ కోవలో మొదట చెప్పుకోవలసినది వోల్వో 240. 1974 నుండి 1993 వరకు ఇరవై ఎనిమిది లక్షలకు పైగా తయారైన కారు ఇది. మన అంబాసిడర్ వలె రూపం పెద్దగా మార్చుకోకుండా ఏళ్ళ తరబడి నడిచింది. దాని కీర్తికి పునాది అంతకు ముందే, 1959లో పడింది. ఆ సంవత్సరం నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు రూపొందించిన మూడు బిందువుల సీటు బెల్టును వోల్వో తన కార్లలో అమర్చింది. బోలిన్ అంతకు పూర్వం సాబ్ సంస్థలో, ఆపద వేళ పైలెట్‌ను విమానం నుండి బయటకు విసిరే ఆసనాలపై పనిచేసినవాడు. మనిషిని బయటకు విసరడం తెలిసినవాడే లోపల నిలిపి ఉంచే ఉపాయమూ కనుగొన్నాడన్నమాట! ఆ పేటెంటును వోల్వో ఇతర సంస్థలు కూడా వాడుకోనిచ్చింది. కాబట్టి ఆ రక్షణ నేడు ఏ ఒక్క కారుకూ సొంతం కాదు.

రసాయన శాస్త్ర దృష్ట్యా అంతకంటె ఆసక్తికరమైనది మరొకటి ఉన్నది. 1977 నమూనా 240 కార్లు కాలిఫోర్నియాకు వచ్చినపుడు వాటిలో 'లాంబ్డా సాండ్' అనే ఆక్సిజన్ గ్రాహకం, త్రిముఖ ఉత్ప్రేరకం జంటగా ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడును, మిగిలిపోయిన హైడ్రోకార్బనులను ఆక్సీకరించాలి. నైట్రోజన్ ఆక్సైడులను క్షయకరించాలి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు పనులూ ఒకే గదిలో జరగాలంటే ఇంజనులో గాలి, పెట్రోలు తూకం ప్రకారం సుమారు 14.7కు 1 పాళ్ళలో ఉండాలి. ఆ పాళ్ళను కనిపెట్టేది జిర్కోనియాతో చేసిన చిన్న పింగాణీ గొట్టం. దాని లోపలివైపు బయటి గాలి, వెలుపల ఇంజను పొగ ఉంటాయి. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆక్సిజన్ అయానులు దాని గుండా కదలగలవు. పొగలో ఆక్సిజన్ కొరవడితే 0.9 వోల్టు, మిగిలితే 0.1 వోల్టు ప్రాంతంలో సంకేతం వెలువడుతుంది. వంటామె రుచి చూసి ఉప్పు సవరించినట్టు, ఇంజను పొగను రుచి చూసి పెట్రోలును సవరిస్తుంది. సీసం కలిసిన పెట్రోలు ఈ ఏర్పాటుకు విషం. భారతదేశం సీసాన్ని పూర్తిగా తొలగించినది 2000లో.

ఇక కాపెల్ వాతావరణం సంగతి. స్వీడనులోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను మంచు కరగడానికి చల్లే ఉప్పులోని క్లోరైడు ఇనుమును తినివేస్తుంది. టెక్సస్‌లో ఆ బాధ స్వల్పం. అందుచేత ఇక్కడి పాత బండి లోహం తరచు చెక్కుచెదరకుండా కనబడుతుంది. కొనేవారు మోసపోయేదీ అక్కడే. ఇనుమును విడిచిన కాలం పాలిమరుల మీద పడుతుంది. అతినీలలోహిత కిరణాలకు, మూసిన కారులోని వేడికి ప్లాస్టిక్ మెత్తదనాన్ని కాపాడే పదార్థాలు ఆవిరైపోయి, డాష్‌బోర్డు బీటలు వారుతుంది. 1980ల తొలి, మధ్య భాగాలలోని వోల్వోలలో ఇంజను తీగల పైతొడుగు వేడికి పొడియై రాలడం ప్రసిద్ధమైన లోపం. తిరిగిన మైళ్ళు చూపే మీటరులోని చిన్న ప్లాస్టిక్ పళ్ళచక్రం పెళుసై విరగడం మరొకటి. లక్ష మైళ్ళని చూపుతున్న బండి ఎన్నడో లెక్క మానేసి ఉండవచ్చును! ఏ.సి. కూడా చూడవలసినదే. పాత కార్లలోని ఆర్-12 శీతలకం ఓజోను పొరకు హానికరమైనందున అమెరికాలో దాని ఉత్పత్తి 1995 చివరతో ఆగిపోయింది. ఆర్-134ఏ కు మార్చేటపుడు కంప్రెసరు నూనెను కూడా మార్చవలసి ఉంటుంది.

అయినా ఆకర్షణ నిరాధారం కాదు. ఎనిమిది కవాటాల బి230 ఇంజనులో టైమింగ్ బెల్టు తెగినా కవాటాలు పిస్టనులకు తగలవు. బానెట్ ఎత్తితే చేయి పెట్టే చోటున్నది. మరమ్మతు నేర్చుకోదలచినవారికి ఇంతకు మించిన బడి లేదు. సాబ్ 900 ఇంతకంటె చమత్కారమైన బండి, తాళంచెవి రంధ్రం రెండు సీట్ల నడుమ ఉంటుంది. కాని ఆ కార్ల సంస్థ 2011లో దివాలా తీసింది. విడిభాగాల కోసం వెదకులాట తప్పదు.

అసలు ప్రశ్న పిల్లల భద్రత. 240 తన కాలానికి మేటి, ఈ కాలానికి కాదు. ఆఖరి సంవత్సరాల 240లలో చోదకునికి మాత్రమే గాలిసంచి ఉన్నది. పక్క గాలిసంచిని వోల్వోయే 1994లో, తన 850 నమూనాలో, ప్రవేశపెట్టింది. జారే రోడ్డుపై బండి అదుపు తప్పకుండా ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ అమెరికాలో 2012 నమూనాల నుండి తప్పనిసరి అయింది. ఎదుట మరో వాహనం లేకుండా జరిగే ప్రాణాంతక ప్రమాదాలను అది సుమారు సగానికి తగ్గిస్తుంది. అనుభవం లేని చోదకునికి ఇనుము మందం కంటె ఆ ఏర్పాటు ముఖ్యం. పాత వోల్వో తండ్రికి ముచ్చట కావచ్చును. పదహారేళ్ళ బిడ్డకు నిత్యవాహనంగా తగదు.

మరొక విశేషం. టెక్సస్‌లో సొంత కార్లకు ఏటేటా జరిగే భద్రతా తనిఖీ 2025 జనవరి 1 నుండి రద్దయింది. డాలస్ కౌంటీలో పొగ పరీక్ష కొనసాగుతున్నా, ఇరవై ఐదేళ్ళు నిండిన బండికి అదీ లేదు. బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు, బెల్టుల నేత, తీగల తొడుగు – వీటిని చూసే అధికారి ఎవరూ లేరు కనుక, డబ్బు చేతులు మారక ముందే బండిని పైకెత్తించి, మంచి మెకానిక్ చేత చూపించుకోవడం కొనేవారి పనే.