లోనికి నేసిన పోగు

ఆంగ్లక్రియల ప్రక్కన చేరు చిఱుపదములు మన విద్యార్థులను పెట్టు తిప్పలు ఇన్నన్ని కావు. ‘వీవ్’ అనగా నేయుట. దానికి ‘ఇన్’ తోడైనచో, నేతలోనికి మఱియొక పోగును చేర్చుట యను అర్థము వచ్చును. (రద్దీలో బండి మెలికలు తిరుగుచు పోవుటను గూడ ‘వీవ్’ అందురు గాని, ఇచ్చట ఆ అర్థము కాదు.)

మొన్నటి అనువాద పరీక్షలో ఒక నవలాకారిణి తన బాల్యస్మృతులను ‘వీవ్ ఇన్’ చేసినదను వాక్యము నిచ్చితిని. ఒక విద్యార్థి ‘కథలోనికి నేసినది’ అని వ్రాసెను. తెలుగున కథను అల్లుదురే గాని నేయరని నా పట్టు. ఎఱ్ఱసిరాతో ‘నేసినది’ కొట్టివేసి, ‘చొప్పించినది’ అని దిద్ది, ఒక మార్కు తగ్గించితిని.

అతడు కాకినాడకు చేరువనున్న ఉప్పాడలో నేతవారి బిడ్డ. కాగితము పట్టుకొని వచ్చి, “మాస్టారూ, చొప్పించడమంటే అక్కర్లేనిది దూర్చినట్టుంటుందండీ. మా ఇంట్లో బుటా పోగు పేకతోపాటే పడుతుంది. చీర అయ్యాక పైన కుట్టేది కాదండీ” అనెను.

నేను మాటాడలేకపోతిని. ఉప్పాడ జాందానీ నేతలో పడుగు పేకలు గాక, బుటా కొఱకు వేఱొక పోగును చేతితో పడుగు నడుమ నడుపుదురు. ఒక వరుస తప్పిపోయిన పిదప దానిని తెచ్చి పెట్టుటకు వీలు లేదు. మఱి ‘చొప్పించుట’ యన్ననో, పరాయి కవులు కావ్యములలో దూర్చిన ప్రక్షిప్తములకు మనము వాడు మాట! ఆ రచయిత్రి జ్ఞాపకములు అట్టివి కావు, కథతోపాటు పుట్టినవి.

అయితే ఆంగ్లమున ఈ పలుకుబడికి మఱియొక ముఖము గలదు. ఉన్ని అల్లువారు పని ముగిసిన పిదప వ్రేలాడు కొసలను సూదితో అల్లికలోనికి దూర్చి మఱుగుపఱతురు. అదియు ‘వీవ్ ఇన్’ చేయుటయే. జాందానీలో పోగు కనబడుటకే చేరును. ఇచ్చట కనబడకుండుటయే పనితనము. వ్యాసము ముగిసిన తరువాత మిగిలిన సంగతి నొకదానిని అతుకు తెలియకుండ సర్దినచో, దానికి మన ‘ఇముడ్చు’ చక్కగా సరిపోవును. అనువదించువాడు ముందుగా చూడవలసినది ఆ పోగు ఎప్పుడు చేరినది, కనబడుటకా, దాగుటకా యనునదే. నిఘంటువు ఇంత చెప్పదు.

‘కథలోనికి నేసినది’ యను మాట నా చెవికి నేటికిని కొంత కొత్తగనే యున్నది. అయినను ఆ మార్కు తిరిగి వేసి, నేను దిద్దిన ‘చొప్పించినది’ని కొట్టివేసితిని.