రిఫరీ చూడలేదు... కుర్రాడు చెయ్యెత్తాడు!

విజయవాడ: మూడో సెట్టు. స్కోరు 14-13. ఇంకొక్క పాయింటు వస్తే అవతలి జట్టుదే గెలుపు. వాళ్లు కొట్టిన స్మాషు మా గీత దాటి కాలువ గట్టు మీద పడింది. రిఫరీ 'అవుట్' అన్నాడు. స్కోరు సమానమైందని మేమంతా కేకలు పెట్టాం. ఇంతలో నెట్టు దగ్గర బ్లాకుకు ఎగిరిన మా కుర్రాడు చెయ్యెత్తి, "నా వేలికి తగిలింది సార్" అన్నాడు. ఆట అక్కడితో సరి. మేం ఓడిపోయాం.

ఈ విలేఖరి హైస్కూల్లో చదివేనాటి సంగతి ఇది. ఆ కుర్రాడు చర్చి హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా అతన్ని తిట్టాం. డ్రిల్లు మాస్టారు మాత్రం పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు సాయంత్రం ఆటకు దిగగానే అతన్నే కెప్టెన్ చేశారు. మాకు ఆ రోజు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

ఆటతో గుణం నేర్పవచ్చన్న ఆలోచన క్రైస్తవంలో పాతదే. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో విశ్వాసిని పరుగు పందెగాడితో పోల్చాడు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు బడులు ఆటను చదువులో భాగం చేశాయి. మన పల్లెల్లో ఆడే వాలీబాల్ కూడా ఆ తోవలో వచ్చిందే. 1895లో అమెరికాలోని హోల్యోక్ వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గాన్ దీన్ని రూపొందించాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1891లో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. దేహం, మనసు, ఆత్మ మూడూ కలిసి ఎదగాలన్నది ఆ సంస్థ ఆశయం.

1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించాడు. అప్పట్లో మన జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. డ్రిల్లు మాస్టర్ల చదువుకు మద్రాసే దిక్కు.

1924లో పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టును తీసుకువెళ్లినదీ ఈ బక్కే. స్కాట్లాండు యువకుడు ఎరిక్ లిడెల్ పేరు మారుమోగింది ఆ పోటీల్లోనే. వంద మీటర్ల తొలి పరుగు ఆదివారం పడిందని, అది ప్రభువు దినమని అతను ఆ పందెం వదులుకున్నాడు. తర్వాత 400 మీటర్ల పందెంలో 47.6 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు. పతకం రాకపోయినా అతని మాట మీద అతను నిలబడినవాడే అయ్యేవాడు.

మన డెల్టాకు మిషన్ బడులు కొత్త కాదు. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లోనే పాఠశాల తెరిచాడు. విజయవాడలో జెస్యూట్ ఫాదర్లు 1953లో ఆంధ్ర లొయోలా కళాశాల స్థాపించారు. ఇలాంటి విద్యాలయాల్లో, ఊరి ప్రభుత్వ బడుల్లో కూడా, పేట కుర్రాడు, పెద్ద రైతు కొడుకు కలిసేది మైదానంలోనే. బంతి ఎత్తి ఇచ్చేవాడి కులం అడిగితే స్మాషు కొట్టలేం. బయట వేరువేరు గ్లాసులు చూసి పెరిగిన పిల్లలకు ఆ గంట సేపు అయినా ఒకే కుండ నీళ్లు తాగే అలవాటు అబ్బేది. హాస్టల్ కుర్రాడు కెప్టెన్ అయినప్పుడు మా జట్టులో కొందరికి మింగుడు పడలేదు. అయినా అతను పిలిస్తే పలికారు, పొమ్మంటే వెనక్కి జరిగారు. పాఠం అంటే అదే.

అయితే ఒక మాట చెప్పక తప్పదు. ఆట దానంతట అదే మంచితనం నేర్పదు. దొంగ వయసు రాయించి పిల్లల్ని ఆడించేవారున్నారు. రిఫరీ మీదికి చొక్కా పట్టుకుని వెళ్లేవారున్నారు. వీళ్లలో చర్చికి వెళ్లేవారూ ఉంటారు, గుడికి వెళ్లేవారూ ఉంటారు. గెలుపు ఒక్కటే మెచ్చుకుంటే పిల్లలు గెలుపే నేర్చుకుంటారు. ఓడినా నిజం చెప్పినవాణ్ణి మెచ్చుకునే మాస్టారు ఉంటేనే ఆట బడి అవుతుంది.

ఇప్పుడు ఆ మాస్టారికి, ఆ మైదానానికి కూడా కరువొచ్చింది. మార్కుల పందెంలో పడి ఆటల పీరియడు లెక్కల పీరియడు అయింది. మేడ మీద మేడ కట్టి బడి నడిపేచోట బంతి ఎగరేయడానికి చోటేది? 2009 విద్యా హక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని చెబుతోంది. వాలీబాల్‌కు ఎకరాలు అక్కర్లేదు. రెండు స్తంభాలు, ఒక నెట్టు, తొమ్మిది మీటర్ల వెడల్పు, పద్దెనిమిది మీటర్ల పొడవు కోర్టు, చుట్టూ కాస్త ఖాళీ ఉంటే చాలు.

బడుల యాజమాన్యాలు, విద్యాశాఖ అధికారులు, ముఖ్యంగా తల్లిదండ్రులు దీనిపై దృష్టి పెట్టాలి. సాయంత్రం ఇంటికొచ్చిన పిల్లాణ్ణి "గెలిచావా?" అని అడగడంతో సరిపెట్టకుండా, "ఎలా ఆడావు?" అని కూడా అడగాలి.