నెమరు లేని నోరు

బెజవాడ పెళ్లి ఊరేగింపులో వరుణ్ణి మోసే తెల్లగుర్రం కళ్లెం లాగగానే తల విదిలిస్తే, బ్యాండు మోతకు బెదిరిందంటారు. ఒక్కోసారి తప్పు బ్యాండుది కాదు, దవడపంటిది.

గేదె గబగబా మేసి, తీరిగ్గా పడుకుని నెమరేస్తుంది. గుర్రానికి ఆ వెసులుబాటు లేదు. మింగేలోపే అంతా నమలాలి. పచ్చికలో వదిలితే రోజుకు 16 గంటలైనా మేస్తుంది. గడ్డిలోని సిలికా పళ్లను అరగదీస్తుంది. ఆ అరుగుదలను పూడ్చడానికే దాని దవడపళ్లు ఎముకలో లోతుగా దాగి, ఏడాదికి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున బయటికొస్తుంటాయి. పాతికేళ్లు దాటాక ఆ నిల్వ అడుగంటుతుంది.

చిక్కేమిటంటే, పైదవడ కిందిదానికన్నా వెడల్పు. పై పళ్ల బయటి అంచులు, కింది పళ్ల లోపలి అంచులు సరిగా అరగక, కత్తుల్లా తేలి బుగ్గనూ నాలుకనూ కోస్తాయి. గడ్డి మేసేటప్పుడు దవడ అడ్డంగా బాగా తిరుగుతుంది కనుక కొంత నయం. తొట్టిలో ఉలవలు, తవుడు తినేటప్పుడు అంత తిరగదు.

మిల్లుల డెల్టాలో తవుడుకు కొదవా? కానీ అందులో ఫాస్ఫరస్ మెండు, కాల్షియం కొద్ది. అదే పనిగా పెడితే ఒంట్లో లోటు పూడ్చడానికి ఎముకల్లోని కాల్షియం కరుగుతుంది. ముఖం ఎముకలు ఉబ్బి, పళ్లు కదులుతాయి. చవగ్గా వచ్చిన మేత అసలు ధర అప్పుడు తెలుస్తుంది.

వైద్యం చూడటానికి మోటుగా ఉంటుంది: మత్తు సూది, నోరు తెరిచి ఉంచే ఇనుప చట్రం, పొడవాటి కాడ ఉన్న ఆకురాయి. ఏడాదికోసారి పదును అంచులు రాస్తే చాలు. ఖర్చు ఆకురాయిది కాదు, మత్తుమందుది, చెయ్యి తిరిగిన డాక్టరుది. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. 1962కు ఫోను చేస్తే వచ్చే పశువుల అంబులెన్సులు 2022లో మొదలయ్యాయి. అయితే ఇక్కడి పశువైద్యానికి రోజువారీ పని ఆవులు, గేదెలు, గొర్రెలు. దేశంలో 2012లో 6.25 లక్షలున్న గుర్రాలు 2019 గణన నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. రోగులు తగ్గితే అలవాటున్న చేతులూ తగ్గుతాయి.

పళ్లను పట్టించుకోకపోతే నమలని గడ్డి పేగుల్లో గడ్డకట్టవచ్చు. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపుశూల ముదిరి ఆపరేషన్ దాకా వస్తే, నాలుగైదు వందల కిలోల జంతువును మత్తులో పడుకోబెట్టాలి. పంటి ఖర్చు దాని ముందు ఏపాటిది?

పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. లద్దెను పుల్లతో చెదిపి చూడండి. ఉలవలు ఉలవల్లాగే కనిపిస్తే, డాక్టరును పిలవాల్సిందే.