పులిపిరి సాక్ష్యం కాదు

ఒక సాయంత్రం అస్ర్ నమాజు ముగిసి విద్యార్థులు వెళ్లిపోయిన పిదప ఒక యువకుడు మా మదర్సా వరండాలో చాలాసేపు నిలబడి ఉన్నాడు. బెంగళూరులో పని చేస్తూ రెండు నెలలకొకసారి కొత్తచెరువుకు వచ్చిపోయేవాడు. "హజ్రత్, తలాఖ్ గురించి ఒక మస్‌అలా అడగాలి" అన్నాడు. కారణమడిగితే తల వంచుకున్నాడు. మర్మస్థానంలో పులిపిర్లు లేచాయట. తానే తప్పూ ఎరుగడు గనుక తప్పు భార్యదేనని నిర్ణయించుకున్నాడు. ఎవరో చెప్పారని సున్నం, చాకలి సోడా కలిపి రాసి పుండు కూడా చేసుకున్నాడు.

నేను వైద్యుణ్ణి కాను. తెలిసిన చర్మవైద్యుని వద్దకు అతణ్ణి తీసుకువెళ్లాను. ఈ పులిపిర్లకు కారణం హెచ్.పి.వి. అనే వైరస్. నూటికి తొంభై మందిలో దాని 6, 11 రకాలే కారణం. కలయికలో చర్మానికి చర్మం తగలడం వల్ల సోకుతుంది. సోకిన కొన్ని వారాలకో నెలలకో పులిపిరి లేస్తుంది. ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి శరీరంలో మౌనంగా ఉండి అప్పుడు బయటపడుతుంది. కనుక ఎవరి నుండి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. 'ఏళ్ల తరబడి' అన్న మాట విన్నాక ఆ యువకుడు మరి మాట్లాడలేదు. నేనూ ఏమీ అడగలేదు. అల్లాహ్ కప్పి ఉంచిన దానిని తవ్వే హక్కు నాకు లేదు.

శీలవతిపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివానికి సూరె నూర్ 80 కొరడా దెబ్బలు విధించింది. భర్తే ఆరోపిస్తే లిఆన్ ప్రమాణాలున్నాయి. అయిదవ ప్రమాణంలో తాను అబద్ధమాడితే దైవశాపం తనపై పడాలని పలకాలి. అంత బరువైన మాటను ఒక పులిపిరిని చూసి పలుకుతామా?

చికిత్స కష్టమైనది కాదు. ద్రవ నత్రజనితో గడ్డకట్టించి గాని, కరెంటుతో కాల్చి గాని తొలగిస్తారు. ఇమిక్విమోడ్ అనే పూతమందు వారానికి మూడు రాత్రులు రాసి, ఆరు నుండి పది గంటల తర్వాత కడగాలి. ఇషా తర్వాత రాసి ఫజ్ర్‌కు ముందు కడుక్కుంటే సరిపోతుంది. నమాజుకు ఆటంకమేమీ లేదు. నయమైన కొద్ది నెలలలో మళ్లీ లేవడం సాధారణం. అది కొత్త తప్పుకు గుర్తు కాదు. పూర్తిగా మానేవరకు దాంపత్యానికి దూరంగా ఉండాలి. కండోమ్ ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపదు. ఇద్దరూ హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు చేయించుకోవడం మేలు.

6, 11 రకాలు క్యాన్సర్‌కు దారితీయడం చాలా అరుదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారకులు 16, 18 రకాలు. ఈ నాలుగింటినీ అడ్డుకునే మన దేశపు టీకా సెర్వావాక్ 2023 జనవరిలో వచ్చింది. టీకా అనగానే 2009 నాటి ఖమ్మం పెద్దలకు గుర్తొస్తుంది. అక్కడి ప్రయోగాత్మక కార్యక్రమంలో బాలికలకు టీకాలు వేసినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. తర్వాత జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చినా, ఆ సంతకాల తప్పు తప్పే. మన ఆడపిల్లల విషయంలో వైద్యుణ్ణి అడిగి, తెలుసుకొని, మనమే నిర్ణయించుకోవాలి.

హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) అంతరంగ విషయాన్ని సైతం దైవప్రవక్త (స)ను నేరుగా అడిగారు. నెల తర్వాత ఆ యువకుని భార్య మా ఇంటికి వచ్చి, లోపల నా భార్యతో కూర్చొని అడిగిన ప్రశ్న ఒక్కటే: గర్భం వస్తే ఈ మందులు వాడవచ్చునా? పోడోఫిలిన్ మందు గర్భిణికి తగదని, గర్భం సంగతి ముందే వైద్యురాలికి చెబితే గడ్డకట్టించే పద్ధతి ఎంచుకుంటారని నా భార్య చెప్పి పంపింది.