ఆ ఇంజిన్ అసలుదేనా?

2014 జనవరి. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, స్కాట్స్‌డేల్. బారెట్-జాక్సన్ సంస్థ వేలంపాటలో 1967 నాటి ఎర్ర షెవర్లే కార్వెట్ ఒకటి 38.5 లక్షల డాలర్లు పలికింది. అదే ఏడాది, సెయింట్ లూయిస్‌లోని అదే ఫ్యాక్టరీలో, అదే ఫైబర్‌గ్లాస్ బాడీతో తయారైన మామూలు కార్వెట్ అందులో పదోవంతుకన్నా ఎంతో తక్కువకే దొరుకుతుంది. తేడా అంతా బానెట్ కిందే ఉంది. కొత్తగా కొన్నప్పుడు ఆ ఇంజిన్ కోసం అదనంగా కట్టాల్సింది 947 డాలర్ల 90 సెంట్లు. ఎల్-88 అనే ఆ ఇంజిన్‌తో 1967లో బయటికొచ్చిన కార్వెట్లు 20 మాత్రమే.

ఇంజిన్ అన్నది బోల్టులు విప్పితే దిగిపోయేదే, బిగిస్తే ఎక్కేదే. చేయి తిరిగిన మెకానిక్‌కు దాన్ని మార్చడం పెద్ద పని కాదు. అలాంటి దాని మీద లక్షల డాలర్ల ధర నిలబడ్డప్పుడు మోసం పుట్టకుండా ఎలా ఉంటుంది? అందుకే పాత అమెరికన్ స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు రంగు, సీట్లు, టైర్ల సంగతి తర్వాత చూస్తారు. ఈ ఇంజిన్ బ్లాకు ఫ్యాక్టరీలో ఈ కారుకు బిగించినదేనా కాదా అన్నది ముందు తేలాలి.

మనకు ఇది కొంత వింతగా అనిపిస్తుంది. మన ఆర్సీలో ఛాసిస్ నంబరుతో పాటు ఇంజిన్ నంబరూ ఉంటుంది. పాత బండి కొనేటప్పుడు రెండూ సరిచూసుకోవడం, నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీయడం బ్రోకర్లకూ ఫైనాన్స్ కంపెనీలకూ మామూలే. కార్వెట్‌కు ఆ వెసులుబాటు లేదు. దాని యాజమాన్య పత్రం కారు గుర్తింపు నంబరు మీదే నడుస్తుంది. 1967 మోడల్‌లో ఆ నంబరు మొదట ఉండే 1 షెవర్లేకు గుర్తు, 94 అంటే కార్వెట్. తర్వాత 37 ఉంటే కూపే, 67 ఉంటే టాప్ మడిచే కన్వర్టిబుల్. 7 మోడల్ సంవత్సరం, ఎస్ అంటే సెయింట్ లూయిస్, ఆ పైన వరుస సంఖ్య. ఏ ఇంజిన్ అన్న ముక్క అందులో ఎక్కడా లేదు. కార్వెట్ నంబరులో ఇంజిన్‌కు ఒక అక్షరం కేటాయించింది 1972లో. అంటే ఆనాటి అత్యంత శక్తిమంతమైన ఇంజిన్లు వచ్చిన ఏళ్లన్నీ ఈ ఖాళీలోనే పడిపోయాయి.

రేసు ఇంజిన్, రోడ్డు కారు

ఈ ఇంజిన్లకు ఇంత గిరాకీ ఎందుకో తెలియాలంటే జోరా ఆర్కస్-డన్టోవ్ గురించి చెప్పుకోవాలి. బ్రసెల్స్‌లో రష్యన్ తల్లిదండ్రులకు పుట్టిన ఈ ఇంజినీరే కార్వెట్‌ను రేసు గుర్రంగా మలిచాడు. అయితే అమెరికా కార్ల తయారీదారుల సంఘం 1957లోనే రేసులకు దూరంగా ఉండాలని తీర్మానించింది. 1963లో షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ యాజమాన్యం ఆ నిషేధాన్ని మరింత బిగించింది. కంపెనీ పేరుతో రేసుకు వెళ్లే దారి మూసుకుపోవడంతో, రేసు ఇంజిన్‌ను ఎవరైనా షోరూంలో ఆర్డరిచ్చి కొనుక్కునే దారి తెరుచుకుంది. 1966లో రోజర్ పెన్‌స్కీ జట్టు ఎల్-88 ఇంజిన్ ఉన్న కార్వెట్‌తో డేటోనా 24 గంటల రేసులో తన తరగతిలో గెలిచింది. మరుసటి ఏడాది ఎల్-88 అమ్మకానికి వచ్చింది.

427 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 7 లీటర్ల ఇంజిన్. అల్యూమినియం హెడ్లు, 12.5 కంప్రెషన్, 850 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగుల గాలి) హోలీ కార్బురేటర్. కనీసం 103 ఆక్టేన్ ఇంధనమే వాడాలని కారులోనే హెచ్చరిక అంటించారు. మొన్నమొన్నటిదాకా మన బంకుల్లో మామూలు పెట్రోలు 91. ఆ కారులో రేడియో లేదు, హీటర్ లేదు. కాగితం మీద 430 హార్స్‌పవర్ అని రాశారు కానీ నిజానికి 500 దాటుతుంది. పట్టికలో పక్కనే ఉన్న ఎల్-71 ఇంజిన్‌కు 435 అని వేసి, దాన్ని 437 డాలర్ల 10 సెంట్లకే ఇచ్చారు. పట్టిక చూసుకున్న మామూలు కొనుగోలుదారు సహజంగానే ఎల్-71 వైపు మొగ్గాడు. ఆ ఏడాది తయారైన 22,940 కార్వెట్లలో 3,754 కార్లకు అదే ఇంజిన్.

నకిలీల బెడద ఎక్కువగా ఉన్నదీ ఈ ఎల్-71 దగ్గరే. 20 ఎల్-88ల లెక్కలోకి కొత్తగా ఒకటి వచ్చి చేరితే దేశంలోని నిపుణుల కళ్లన్నీ దాని మీదే పడతాయి. 3,754 కార్ల మందలోకి ఇంకొకటి దూరితే ఎవరికీ తెలియదు.

ఆ చిన్న ఇనుప పట్టీ

బానెట్ ఎత్తి, డ్రైవర్ పక్క సీటు వైపు సిలిండర్ హెడ్డుకు సరిగ్గా ముందు చూడండి. బ్లాకు మీద చదును చేసిన చిన్న ఇనుప పట్టీ ఒకటి కనిపిస్తుంది. కలెక్టర్లు దాన్ని స్టాంప్ ప్యాడ్ అంటారు. దాని మీద రెండు పంచింగులు ఉంటాయి.

మొదటిది ఇంజిన్ తయారైన చోట కొట్టింది. ఉదాహరణకు ‘టీ 0112 జేఈ’. టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ఇంజిన్ ఫ్యాక్టరీ. 0112 అంటే జనవరి 12. జేఈ అంటే ఎల్-71. అదే స్థానంలో ఐటీ ఉంటే ఎల్-88. రెండో పంచింగ్ సెయింట్ లూయిస్‌లో, కారుకు ఇంజిన్ కూర్చే చోట పడింది. ముందు సంవత్సరాన్ని సూచించే 7, దాని వెనక ఆ కారు నంబరులోని చివరి ఆరంకెలు. ఈ రెండోది కారు నంబరుతో కలిస్తే ‘మ్యాచింగ్ నంబర్స్’ అంటారు. అమ్మకపు ప్రకటనల్లో ధరను ఒక్కసారిగా పైకి లేపే మాట ఇదే.

అంకెలు కలిసినంత మాత్రాన నిపుణులు తృప్తిపడరు. వాళ్లు అంకెల వెనకున్న ఇనుమును చూస్తారు. ఫ్యాక్టరీలో బ్లాకు పైతలాన్ని బ్రోచ్ అనే పళ్ల పనిముట్టుతో ఒక్క ఊపులో చెక్కేవారు. దాంతో పట్టీ పొడవునా ముందు నుంచి వెనక్కి సన్నటి సమాంతర గీతలు పడతాయి. టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అవి తేలిపోతాయి. తర్వాత పంచ్ చేసిన అంకెలు ఆ గీతలను తెంపుకుంటూ లోపలికి దిగాలి. పట్టీని గ్రైండర్‌తో అరగదీస్తే, తిరిగే కట్టర్‌తో ఫేసింగ్ కొట్టిస్తే గీతలు వంపు తిరుగుతాయి, లేదా అసలు ఉండవు. కొందరు మోసగాళ్లు ఆ సమాంతర గీతలను కూడా మళ్లీ గీస్తున్నారు. అప్పుడు లోతు, ఎడం, గీతల నిండుతనం పోల్చి చూడాల్సి వస్తుంది.

ఇక అక్షరాలు. రెండు ఊళ్లలో, రెండు చేతులు, రెండు రకాల అచ్చులతో కొట్టిన పంచింగులవి. ఇంజిన్ ఫ్యాక్టరీలో అక్షరాలన్నిటినీ ఒకే పట్టులో బిగించి ఒక్క దెబ్బతో కొట్టేవారు కనుక అవి వరుసగా నిలబడతాయి. సెయింట్ లూయిస్ వరుస లోతూ, వాలూ వేరు. రెండు వరుసలూ ఒకే అచ్చులోంచి వచ్చినట్టు ఒకే లోతున ఉంటే అనుమానించాలి. ముచ్చటగా, పరిశుభ్రంగా ఉన్న పంచింగ్ కన్నా, షిఫ్టు తొందరలో కొంచెం వంకరగా పడినదే నిపుణుడికి ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

నంబరును అరగదీస్తే పోయినట్టే అనుకుంటారు కానీ పూర్తిగా పోదు. పంచ్ దెబ్బకు అంకె అడుగున ఉన్న లోహం కూడా నలుగుతుంది. ఫోరెన్సిక్ నిపుణులు తగిన ఆమ్లం పూసి ఆ నలిగిన చోటును బయటికి తెప్పించగలరు. దొంగ తుపాకుల నంబర్లు చదివే పద్ధతే ఇది. అయితే చాలా లోతుగా చెక్కేస్తే అదీ పనిచేయదు.

ఒక్క జాగ్రత్త. పాత ఇంజిన్ దొరికితే ముచ్చటపడి పట్టీని ఎమరీ పేపరుతో, వైరు బ్రష్షుతో రుద్దకూడదు. రుద్దితే సాక్ష్యమంతా పోయినట్టే. జిడ్డు కరిగించే ద్రావకం, మెత్తటి గుడ్డ చాలు.

తేదీల గొలుసు

పట్టీ ఒక్కటే సాక్షి కాదు. బ్లాకు పోత పోసినప్పుడే దాని మీద ఉబ్బెత్తుగా ఒక నంబరు, ఒక తేదీ పడతాయి. 1967 నాటి 427 బ్లాకులకు 3904351 అన్న నంబరు బాగా పేరున్నది. తేదీ ‘ఎ 5 7’ అంటే ఎ జనవరి, 5 తేదీ, 7 సంవత్సరం. ముందు పోత, తర్వాత ఇంజిన్ కూర్పు, చివరికి కారు బయటికి రావడం. ఈ వరుస తలకిందులైతే, అంటే కారు తయారైన నెల తర్వాత పోసిన బ్లాకు అందులో ఉంటే, ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

వరుస సరిపోయినా నమ్మేయకూడదు. అదే పోత బ్లాకు తక్కువ శక్తి ఉన్న 427లకూ వాడారు. పట్టీ మీద జేఈ కొట్టినంత మాత్రాన అవి ఎల్-71 కావు. ఆయిల్ చాంబర్ విప్పి చూస్తే, ఎల్-71లో మెయిన్ బేరింగ్ క్యాపులకు నాలుగేసి బోల్టులుంటాయి, తక్కువ రకాల్లో రెండేసి. కార్బురేటర్లు, డిస్ట్రిబ్యూటర్, స్టార్టర్ మీది తేదీలూ ఈ గొలుసులో కలవాలి. టాకోమీటర్‌లో ఎర్రగీత ఎక్కడ మొదలవుతుందో కూడా ఇంజిన్‌ను బట్టి మారుతుంది. చాలామంది నకిలీగాళ్లు దొరికిపోయేది ఇలాంటి చిన్నచిన్న వస్తువుల దగ్గరే.

కాగితాల సంగతి కంపెనీని బట్టి మారుతుంది. క్రైస్లర్ కొన్నవాళ్లు అదృష్టవంతులు. 426 హెమీ ఇంజిన్ ఉంటే కారు నంబరులోనే దాని అక్షరం ఉంటుంది, 1967లో జే, 1970లో ఆర్. పాంటియాక్‌లకు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ దగ్గర నాటి ఇన్‌వాయిస్‌లు దొరుకుతాయి. 1967 నుంచి తయారైన ఫోర్డ్ కార్లకు, కంపెనీ రికార్డుల నుంచి తీసిచ్చే మార్టీ రిపోర్టు ఉంది. అమెరికాలోనే తయారై అక్కడే అమ్ముడైన షెవర్లేలకు కారువారీగా ఇంజిన్ చెప్పే అలాంటి రికార్డు దొరకదు. అందుకే 1967 కార్వెట్‌కు పెట్రోల్ ట్యాంకు పైన అంటించిన ఫ్యాక్టరీ కాగితం అంత విలువైనది. ఏ ఇంజిన్, ఏ గేరుబాక్సు, ఏ యాక్సిల్ అన్నీ అందులో ఉంటాయి. ట్యాంకు దింపితేగానీ కనపడదు. దింపాక చూస్తే తడికి, తుప్పుకు సగం చిరిగి ఉంటుంది. వారంటీ కోసం యజమానికిచ్చిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు బిళ్ల మీద కూడా ఇంజిన్ కోడ్ ఉంటుంది. వీటికీ నకళ్లు తయారవుతున్నాయి. యాభై ఏళ్ల పాటు ట్యాంకు మీద ఉన్న కాగితానికి ముడతా మరకా లేకపోతే దాన్ని నమ్మక్కర్లేదు.

1974లో ఏర్పడిన నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ న్యాయనిర్ణేతలు కారు విప్పకుండా కనిపించేవన్నీ పరిశీలిస్తారు. నూటికి 94 మార్కులకు తగ్గకపోతే ‘టాప్ ఫ్లైట్’ పురస్కారం. కొనేవాళ్లు ఇక్కడే పొరబడతారు. కారు ఆనాడు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే కనిపిస్తోందా అన్నదే వాళ్లు తేల్చేది. ఆ ఇంజిన్ ఆ కారుతోనే పుట్టిందని వాళ్లు పూచీ ఇవ్వరు.

పగిలిన ఇంజిన్లు ఎటుపోయాయి?

నన్ను ఈ విషయంలో అన్నిటికన్నా ఎక్కువగా పట్టేసింది ఒక చిక్కుముడి. ఎల్-88, ఎల్-71 లాంటి ఇంజిన్లను జనం కొన్నది పరుగెత్తించడానికి. పరుగెత్తిస్తే పగులుతాయి. కనెక్టింగ్ రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది. డీలరు వారంటీ కింద కొత్త బ్లాకు వేసి పంపేస్తాడు. 1960ల చివర్లో అలా ఇచ్చిన షెవర్లే బ్లాకుల మీద సీఈ అన్న అక్షరాలు ఉంటాయి. దేని కోసం పుట్టిందో ఆ పని గట్టిగా చేసిన కారుకే అసలు ఇంజిన్ మిగిలే అవకాశం అన్నిటికన్నా తక్కువ. ఇంకొన్ని బ్లాకులు నిజాయితీగా మరమ్మతుకు వెళ్లినప్పుడే నంబరు పోగొట్టుకున్నాయి. హెడ్డు సరిగ్గా కూర్చోవడానికి వర్క్‌షాపులో పైతలం చెక్కించారు, అసలు పంచింగ్ ఇనుప పొట్టులో కలిసిపోయింది. అప్పట్లో ఆ అంకెల విలువ ఎవరికీ తెలియదు.

అందుకే సీఈ బ్లాకు ఉన్న ఎల్-71ను, వారంటీ బిల్లుతో సహా వస్తే, నేను తక్కువగా చూడను. దాన్ని తీసేసి, వేరే బ్లాకును చెక్కించి, కారు నంబరు మళ్లీ కొట్టించి ‘మ్యాచింగ్’ అని అమ్మడం ఆ కారు నిజమైన జీవితాన్ని చెరిపేయడమే. కారు గుర్తింపు నంబరును చెరపడం అమెరికాలో ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇంజిన్ పట్టీ దగ్గరికి వచ్చేసరికి ‘పునరుద్ధరణలో భాగంగా పాత నంబరే కొట్టాం’ అనే వాదన వినిపిస్తుంది. కొనేవాడికి ముందే రాతపూర్వకంగా చెప్పినంత వరకే ఆ మాట చెల్లుతుంది. చెప్పకుండా అమ్మితే అది దొంగతనమే.

డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో మన తెలుగు ఇంజినీర్లు చాలామంది కార్ల రంగంలోనే ఉన్నారు. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద జరిగే డ్రీమ్ క్రూజ్‌లో ఈ కార్లు వాళ్ల కళ్లముందే తిరుగుతాయి. వాళ్లలో ఎవరికైనా ఒకటి కొనాలన్న మనసు పుడితే, బాగుచేయక ముందు తీసిన పట్టీ ఫొటోలు, పాత యజమానుల పేర్లు, వర్క్‌షాపు బిల్లులు అడగాలి. తమ ఖర్చుతో, తామే ఎంచుకున్న నిపుణుడిని పంపాలి. పట్టీని దగ్గరగా ఫొటో తీసి పంపమంటే సాకులు చెప్పే అమ్మకందారుతో బేరం అక్కడే ఆపేయాలి.