స్పట్టరింగ్

స్పట్టరింగ్ అనగా అధిక శక్తి గల అయాన్లు లేదా పరమాణువులు ఘనపదార్థపు ఉపరితలాన్ని ఢీకొన్నప్పుడు, ఆ ఉపరితలం నుండి పరమాణువులు వెలుపలికి చిమ్ముకొనిపోయే భౌతిక ప్రక్రియ. ఇది బాష్పీభవనం కాదు. పదార్థం మొత్తం వేడెక్కనవసరం లేదు. ఢీకొన్న కణం తన ద్రవ్యవేగాన్ని పరమాణువులకు అందించడమే దీనికి మూలం. ఎన్ని పరమాణువులు వెలువడతాయో ముందుగా లెక్కకట్టడానికి గణిత నమూనాలు, కంప్యూటర్ నమూనాలు ఉన్నాయి. చంద్రునిపై ఈ నమూనాలు ఆధారపడిన ఒక ముఖ్యమైన ఊహను ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-1 పరీక్షకు పెట్టింది.

== చరిత్ర ==
1852లో విలియం రాబర్ట్ గ్రోవ్ వాయువులో విద్యుత్తును ప్రవహింపజేసినప్పుడు ఎలక్ట్రోడు లోహం వెలువడి దగ్గరి పలకపై పూతగా ఏర్పడటాన్ని వర్ణించాడు. ఢీకొన్న చోట పదార్థం క్షణకాలం ఆవిరి అవుతుందని కొందరు, ఇది కేవలం పరమాణువుల అభిఘాతమని మరికొందరు చాలాకాలం వాదించారు. 1950లలో గాట్‌ఫ్రీడ్ వేనర్ చేసిన ప్రయోగాలలో, ఏక స్ఫటికాల నుండి పరమాణువులు కొన్ని ప్రత్యేక దిశలలోనే ఎక్కువగా వెలువడినట్లు తేలింది. ఆవిరికి ఇటువంటి దిశాభేదం ఉండదు కనుక అభిఘాత వాదం బలపడింది.

== ప్రక్రియ ==
దగ్గర దగ్గరగా పేర్చిన గోలీలను మరొక గోలీతో గట్టిగా కొడితే ఒకటి మరొకదానిని నెట్టుతూ, చివరకు కొన్ని వెనుకకు కూడా దొర్లుతాయి. ఘనపదార్థంలోనూ ఇటువంటి అభిఘాత పరంపర జరుగుతుంది. పైపొరలోని పరమాణువుకు బయటి దిశగా తగినంత శక్తి లభిస్తే అది ఉపరితల బంధన శక్తిని అధిగమించి వెలువడుతుంది. రాగికి ఈ శక్తి సుమారు 3.5 ఎలక్ట్రాన్ వోల్టులు.

ఒక్కొక్క అయానుకు సగటున వెలువడే పరమాణువుల సంఖ్యను స్పట్టరింగ్ దిగుబడి అంటారు. 500 ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్ అయానుకు రాగి దిగుబడి సుమారు 2. శక్తి మరీ తక్కువైతే ఏ పరమాణువూ వెలువడదు. మరీ ఎక్కువైతే అయాను లోతుకు చొచ్చుకొనిపోయి దిగుబడి తగ్గుతుంది. ఏటవాలుగా తాకితే దిగుబడి పెరుగుతుంది.

== నమూనాలు ==
1969లో పీటర్ సిగ్మండ్ ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం, దిగుబడి ఉపరితలం దగ్గర పరమాణు అభిఘాతాలకు అందిన శక్తికి అనులోమానుపాతంలోను, ఉపరితల బంధన శక్తికి విలోమానుపాతంలోను ఉంటుంది. హైడ్రోజన్ వంటి తేలిక అయాన్ల విషయంలో అభిఘాత పరంపర సరిగా ఏర్పడదు కనుక ఈ సూత్రం అంతగా పొసగదు.

1980లో బియర్సాక్, హాగ్‌మార్క్ ప్రకటించిన ట్రిమ్ అనే ప్రోగ్రాము ఒక్కొక్క అయాను మార్గాన్ని యాదృచ్ఛిక సంఖ్యల సాయంతో అనుసరిస్తుంది. ప్రతి అభిఘాతంలోనూ రెండు కణాలే పాల్గొంటాయని భావిస్తుంది. అణు గతిశాస్త్ర పద్ధతిలో పరమాణువులన్నిటికీ న్యూటన్ సూత్రాలను ఒకేసారి వర్తింపజేస్తారు. ఇది వాస్తవానికి దగ్గరే గాని, లెక్కింపు భారం చాలా ఎక్కువ.

== చంద్రునిపై ==
చంద్రునికి దట్టమైన వాతావరణం గాని, భూమికున్నటువంటి అయస్కాంత క్షేత్రం గాని లేవు. అందుచేత సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే సౌర పవనం నేరుగా నేలను తాకుతుంది. ఆ వేగం వద్ద ప్రోటాను శక్తి సుమారు 800 ఎలక్ట్రాన్ వోల్టులు. సందులు గల చంద్రధూళి ఈ ప్రోటాన్లను దాదాపు పూర్తిగా పీల్చుకొంటుందని శాస్త్రజ్ఞులు భావించేవారు.

2008 అక్టోబరు 22న ప్రయోగించిన చంద్రయాన్-1లోని సారా పరికరం ఈ ఊహ తప్పని చూపింది. ప్రోటాన్లలో 20 శాతం వరకు తటస్థ హైడ్రోజన్ పరమాణువులుగా మారి తిరిగి వెళ్తున్నట్లు 2009లో ప్రకటించారు. సారా పరికరాన్ని స్వీడన్, భారత్, స్విట్జర్లాండ్, జపాన్ శాస్త్రజ్ఞులు కలిసి రూపొందించారు. ఆ నౌకతో సంబంధాలు 2009 ఆగస్టులో తెగిపోయినా విశ్లేషణ కొనసాగింది. సౌర పవనం వల్ల చంద్రుని నేల నుండి చిమ్ముకొని వచ్చిన ఆక్సిజన్ పరమాణువులను గుర్తించినట్లు 2014లో ప్రకటించారు.

నున్నటి పలకకు సరిపోయే లెక్క ధూళికి యథాతథంగా సరిపోదు. ఒక రేణువు నుండి వెలువడిన పరమాణువు పక్క రేణువుకు అంటుకొనవచ్చు. కనుక చంద్రునిపై లెక్కలలో నేల స్వరూపాన్ని కూడా చేర్చవలసి ఉంటుంది.

== ఉపయోగాలు ==
గాజు, సిలికాన్ పలకలపై పలుచని లోహపు పొరలు వేయడానికి స్పట్టరింగ్‌ను వాడతారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో ఈ పద్ధతితో పలుచని పొరలపై పరిశోధనలు జరిగాయి. దీనివలన నష్టాలూ ఉన్నాయి: ట్యూబులైటు చివరలు నల్లబడటానికి, కేంద్రక సంలీన రియాక్టర్ల లోపలి గోడలు అరగడానికి ఇదొక కారణం. ఆ అరుగుదలను ముందుగా అంచనా వేయడానికీ ఇవే నమూనాలు ఆధారం.