రాని డిస్కునకై నిరీక్షణ

వాడ యనగా ఓడ. ఓడలు చేరు చోటు కనుక మాది వాడరేవు. రాని యోడకొకదానికై రేవునంతయు మూయుదురా? మా యింటి లినక్సు కంప్యూటరు అట్లే చేసినది. మనుమడు బయటి డిస్కును తీసికొనిపోగా మఱునాడది మేల్కొనలేదు. నా వ్యాకరణపాఠము లన్నియు లోపల చిక్కెను.

కారణము వినుడు. అందు సేవలను నడపు సిస్టమ్‌డీ, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అను పట్టికలోని డిస్కులకై సాధారణముగా 90 సెకండ్లు వేచియుండును. రాకున్న తక్కిన పనులనుగూడ మాని అత్యవసరస్థితిలో నిలుచును. ఆ డిస్కు పంక్తిలో, ఆంగ్లాక్షరములతోనే, ‘నోఫెయిల్’ అని చేర్చితిని. ఇప్పుడది లేకున్నను యంత్రము లేచును.

ఒక్క జాగ్రత్త. ఆ డిస్కులో వ్రాయు సేవ యేదేని యున్నచో, దాని విధిపత్రమున ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్’ అని డిస్కు త్రోవను చూపవలెను. లేనిచో డిస్కు లేనినాటి వ్రాతలు ఖాళీ అరలో పడి, అది తిరిగివచ్చి చేరినపుడు దానిక్రింద మఱుగుపడును.